లాగే బలం, ఆగే బలం
ప్లగిన్ హైబ్రిడ్ బండికి టో బార్ అమర్చుకునే ముందు

న్యూజీలాండ్‌లో కాపురం పెట్టిన ఏ కుటుంబానికైనా కొద్దికాలంలోనే ట్రైలర్‌తో పరిచయం ఏర్పడక తప్పదు. పెరట్లో నరికిన కొమ్మలను చెత్త కేంద్రానికి చేర్చాలన్నా, ఇల్లు మారేటప్పుడు మంచాలూ బీరువాలూ తరలించాలన్నా, ఉగాదికీ వినాయక చవితికీ వంటపాత్రలను హాలుకు మోయాలన్నా కారు వెనుక తగిలించే ఆ చిన్న తొట్టే మనకు ఆధారం. అయితే గత పదేళ్లలో మన ఇళ్ల ముందు నిలిచే కార్ల స్వరూపం మారిపోయింది. 2013 జనవరిలో జపాన్‌లోనూ, 2014లో న్యూజీలాండ్‌లోనూ అమ్మకానికి వచ్చిన మిత్సుబిషి అవుట్‌లాండర్ ప్లగిన్ హైబ్రిడ్‌తో మొదలుపెట్టి, రాత్రి ఇంట్లో చార్జి చేసుకుని పగలు పెట్రోలు అవసరం లేకుండా ఊళ్లో తిరగగల ఎస్‌యూవీలు మన కుటుంబాలలో అనేకం చేరాయి. అందుచేత "ఈ బండికి టో బార్ పెట్టించవచ్చునా? పెట్టిస్తే ఎటువంటిది?" అనే ప్రశ్న కూడా తరచుగా వినవస్తున్నది.

ఈ ప్రశ్నకు మన సమావేశాలలో రెండు సమాధానాలు లభిస్తాయి. బ్యాటరీ బండి బరువు లాగలేదు, డీజిల్ యూట్ కొనుక్కోమని కొందరు అంటారు. విద్యుత్ మోటారుకు బలం ఎక్కువ, ఏది తగిలించినా లాగుతుందని మరికొందరు అంటారు. నా అభిప్రాయంలో రెండూ పొరపాటే. ఒక కుటుంబానికి సంవత్సరంలో కలిగే సాధారణ అవసరాలకు ప్లగిన్ హైబ్రిడ్ బండి చాలును. కాని దాని హద్దును నిర్ణయించేది అది ఎంత లాగగలదన్నది ఒక్కటే కాదు. ఎంత బరువుతో క్షేమంగా ఆగగలదన్నది కూడా.

విద్యుత్ మోటారు నిశ్చల స్థితి నుండే పూర్తి తిప్పుడు బలాన్ని ఇస్తుంది. 2022లో ఇక్కడికి వచ్చిన కొత్త తరం అవుట్‌లాండర్‌లో ముందు ఇరుసుకు 85 కిలోవాట్ల మోటారు, వెనుక ఇరుసుకు 100 కిలోవాట్ల మోటారు ఉన్నాయి. వెనుక ట్రైలర్ ఉన్నదన్న సంగతే తెలియనంత సులువుగా బండి కదులుతుంది. అయినా తయారీదారు దానికి విధించిన పరిమితి బ్రేకులున్న ట్రైలర్‌కు 1,600 కిలోలు, బ్రేకులు లేని ట్రైలర్‌కు 750 కిలోలు మాత్రమే. ఈ వ్యత్యాసంలోనే అసలు విషయం ఇమిడి ఉన్నది. చట్రం, ఇరుసులు, యంత్రాన్ని చల్లబరిచే ఏర్పాటు, అన్నిటికన్నా ముఖ్యంగా బ్రేకులు ఎంత భారాన్ని ఓర్చగలవో లెక్కించి ఆ అంకెలను నిర్ణయిస్తారు.

ఒక చిన్న గణితం చూద్దాం. మనుషులతో, సామానుతో కలిసి కారు బరువు 2,400 కిలోలు, ట్రైలర్ బరువు 1,200 కిలోలు అనుకుందాం. న్యూజీలాండ్‌లో ట్రైలర్ లాగే కారు గంటకు 90 కిలోమీటర్లు మించరాదు. అంటే సెకనుకు 25 మీటర్లు. ఆ వేగంలో కారు ఒక్కదాని గతిజశక్తి 7,50,000 జౌళ్లు. ట్రైలర్ తగిలిస్తే అది 11,25,000 జౌళ్లు అవుతుంది. ట్రైలర్‌కు సొంత బ్రేకులు లేకపోతే ఈ ఒకటిన్నర రెట్ల శక్తినంతా కారు బ్రేకులే హరించాలి. శక్తి వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, 90కి బదులు 100 వేగంతో పోతే మరో 23 శాతం అదనం. పది కిలోమీటర్ల తేడాయే కదా అని తేలికగా తీసుకునేవారు ఈ అంకెను గుర్తుంచుకోవాలి.

ఇక్కడి చట్టం ప్రకారం మొత్తం బరువు 2,000 కిలోలు దాటని తేలికపాటి ట్రైలర్‌కు సొంత బ్రేకులు తప్పనిసరి కాదు. అయితే గంటకు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే కారు, ట్రైలర్ కలిసి 7 మీటర్లలోపల ఆగాలి. చట్టం 2,000 కిలోల వరకు అనుమతిస్తున్నదిగదా అని బ్రేకులు లేని టన్ను బరువును పై బండికి తగిలిస్తే తయారీదారు హద్దును మీరినట్లే. కారు పరిమితి, టో బార్ పరిమితి, టో బాల్ పరిమితి, ట్రైలర్ పరిమితి, చట్టం, ఈ అయిదింటిలో ఏది తక్కువో అదే మన హద్దు. ప్రమాదం జరిగిన పిమ్మట బీమా సంస్థ అడగగల మొదటి ప్రశ్నలలో ఇదొకటి.

కొండదారుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆక్లండ్ నుండి వెల్లింగ్టన్‌కు పోయే ఒకటవ నంబరు రహదారిలో తౌపో సరస్సు నీటిమట్టం సముద్రానికి సుమారు 356 మీటర్ల ఎత్తున ఉంటే, డెజర్ట్ రోడ్ శిఖరం 1,074 మీటర్ల ఎత్తున ఉన్నది. ఆ ఎత్తు ఎక్కడానికి కారుకు మాత్రమే 4.7 కిలోవాట్ అవర్లు, ట్రైలర్‌తో కలిపి 7 కిలోవాట్ అవర్లు కావాలి. గాలి నిరోధం, చక్రాల రాపిడి దీనికి అదనం. 20 కిలోవాట్ అవర్ల బ్యాటరీలో ఇది మూడోవంతుకు పైమాటే. బ్యాటరీ అడుగంటిన స్థితిలో కొండ మొదలుపెడితే భారమంతా పెట్రోలు యంత్రం మీద పడి, బండి ఆయాసపడుతుంది. కాబట్టి మైదానంలో ఉండగానే బ్యాటరీని దాచే మీటను నొక్కి, కొండకోసం శక్తిని నిలువచేసుకోవాలి. దిగేటప్పుడు దీనికి విరుద్ధం. బ్యాటరీ నిండుగా ఉంటే మోటారు ద్వారా శక్తిని తిరిగి పట్టుకునే అవకాశం తగ్గి, రాపిడి బ్రేకులు వేడెక్కుతాయి. రెముటాకా వంటి వంకర దారిలో దిగేవారు బ్యాటరీలో కొంత ఖాళీ ఉంచుకోవడం మంచిది.

బరువును ఎక్కడ పెట్టాలన్నది మన తాతలకు బాగా తెలిసిన విద్య. ఎడ్లబండిలో బస్తాలు వెనక్కు సర్దితే కాడి పైకి లేచి ఎద్దుల మెడలు బిగుసుకుంటాయి. మరీ ముందుకు సర్దితే మెడలు పుళ్లు పడతాయి. ట్రైలర్‌కూ ఇదే సూత్రం. దాని మొత్తం బరువులో సుమారు పదోవంతు టో బాల్ మీద ఆనాలి. వెనుక బరువెక్కిన ట్రైలర్ వేగం పెరిగేకొద్దీ పాము తోకలా ఊగి కారును కూడా దారి తప్పిస్తుంది. టో బాల్ మీద ఆనే బరువు కారు మోసే బరువులోనే లెక్కకు వస్తుందన్న సంగతిని చాలామంది విస్మరిస్తారు. ఏడు సీట్ల బండిలో మనిషికి 70 కిలోల చొప్పున ఏడుగురు కూర్చుంటే 490 కిలోలు. 1,200 కిలోల ట్రైలర్ ఆనించే 120 కిలోలు కలిపితే 610. మీ బండి మోయగల బరువు ఎంతో చేతిపుస్తకంలో చూసి ఈ అంకెతో పోల్చుకోండి. టో బార్‌కు సైకిళ్ల స్టాండు తగిలించేవారికి కూడా ఈ లెక్క వర్తిస్తుంది.

ఇక ఎంపిక. మీ బండి నమూనాకే, మీ బండి తయారైన సంవత్సరానికే ఉద్దేశించిన టో బార్ తీసుకోవాలి. అది చట్రానికి ఉన్న రంధ్రాలలోనే బోల్టులతో బిగియాలి. కొత్త రంధ్రాలు వేయవలసిన రకం వద్దు. నంబరు పలకను టో బాల్ మరుగుపరిచేటట్లయితే, అవసరం లేనప్పుడు విప్పి పెట్టగల రకం మేలు. న్యూజీలాండ్‌లో టో బాల్ రెండు పరిమాణాలలో ఉంటుంది: 1 7/8 అంగుళాలు, 50 మిల్లీమీటర్లు. వీటి మధ్య తేడా సుమారు రెండున్నర మిల్లీమీటర్లే కనుక కంటికి ఆనదు. చిన్న గిన్నె పెద్ద బాల్ మీద కూర్చోదు, కాబట్టి ఆ పొరపాటు వెంటనే తెలుస్తుంది. పెద్ద గిన్నె చిన్న బాల్ మీద కూర్చున్నట్లే కనిపించి, గతుకులో ఎగిరి ఊడిపోతుంది. అద్దె ట్రైలర్ తెచ్చుకునేవారు ప్రతిసారీ బాల్ మీద చెక్కిన అంకెనూ, గిన్నె మీది అంకెనూ సరిచూసుకోవాలి. భద్రతా గొలుసును మరవరాదు.

అమర్చే పనిని ఇంట్లో చేసుకుందామన్న ఉత్సాహం ఈ బండ్ల విషయంలో తగదు. అడుగుభాగంలో నారింజ రంగు తొడుగుతో పోయే తీగలలో సుమారు 350 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. వాటి సమీపంలో డ్రిల్లు పెట్టడం ప్రాణాంతకం. దీపాల తీగల విషయం కూడా పూర్వంవలె సులభం కాదు. పాతకాలపు కారులో బ్రేకు దీపం తీగను కోసి ట్రైలర్ తీగను ముడివేస్తే సరిపోయేది. నేటి బండ్లలో దీపాలను కంప్యూటరు పర్యవేక్షిస్తుంది. అదనపు ప్రవాహం పడితే లోపమని భ్రమించి హెచ్చరిక చూపవచ్చు. అందుచేత 12 వోల్టుల బ్యాటరీ నుండి విడిగా విద్యుత్తు తీసుకుని, కారు నుండి సంకేతాన్ని మాత్రమే గ్రహించే ప్రత్యేక మాడ్యూల్ పెట్టించాలి. వెనుకకు పోయేటప్పుడు మోగే సెన్సర్లు ట్రైలర్‌ను చూసి గగ్గోలు పెట్టకుండా చూసే ఏర్పాటు ఉన్నదా అని కూడా ముందే అడగాలి. హైబ్రిడ్ బండ్ల పనిలో శిక్షణ పొందినవారిచేత చేయించి, రసీదు భద్రపరచుకోండి.

జపాన్ నుండి దిగుమతి అయిన పాత బండి కొన్నవారికి ఒక హెచ్చరిక. ఆ బండ్ల చేతిపుస్తకం జపనీస్ భాషలో ఉంటుంది. ఆ దేశంలో కుటుంబ కారుతో ట్రైలర్ లాగే అలవాటు తక్కువ. ఇక్కడ కొత్తగా అమ్మిన అదే పేరుగల బండి అంకె మన బండికి కూడా వర్తిస్తుందని ఊహించుకోరాదు. చట్రం సంఖ్యతో సహా తయారీదారు ప్రతినిధిని అడిగి, లిఖితపూర్వకమైన సమాధానం పొందాలి. సమాధానం రాకపోతే టో బార్ ఆలోచన మానుకోవడమే వివేకం.

ఇక యూట్ కొనమనేవారి వాదన. 3,500 కిలోలు లాగగల డీజిల్ యూట్ పడవల యజమానికి, గుత్తేదారుకు సమంజసమే. ఏడాదికి అయిదారుసార్లు చెత్త మోసే కుటుంబానికి దాని అవసరమేమిటి? 2024 ఏప్రిల్ 1 నుండి ప్లగిన్ హైబ్రిడ్ బండ్లు ప్రతి వెయ్యి కిలోమీటర్లకు 38 డాలర్ల రహదారి రుసుము చెల్లిస్తున్నాయి. అప్పటికి తేలికపాటి డీజిల్ బండికి అది 76 డాలర్లు. ప్లగిన్ హైబ్రిడ్ యజమాని పెట్రోలు మీద పన్ను కూడా కడతాడన్నది నిజమే గాని, రోజూ ఇంట్లో చార్జి చేసేవాడికి ఆ భారం స్వల్పం. రెండు రోజుల అవసరం కోసం మూడువందల అరవై మూడు రోజులు పెద్ద బండిని పోషించడం గృహస్థు లక్షణం కాదు. పెద్ద బరువు పడిన రోజున లారీ అద్దెకు తెచ్చుకోవచ్చు.

చివరగా మన సంఘాలకు ఒక సూచన. పండుగ సామాను కోసం ప్రతిసారీ ఎవరి బండి దొరికితే దానికి తగిలించి, ఆదరాబాదరాగా తరలించడం మనకు అలవాటైపోయింది. సంఘం తరఫున సొంత బ్రేకులున్న చిన్న ట్రైలర్ ఒకటి కొని, దాని బరువునూ, గిన్నె పరిమాణాన్నీ పెద్ద అక్షరాలతో దాని మీదే తెలుగులో రాయించి, ఏ సభ్యుని బండి ఎంత లాగగలదో ఒక పట్టిక తయారుచేసుకుంటే ఖర్చు కలిసివస్తుంది, భయం తగ్గుతుంది. వెనుక సీట్లో కూర్చునేది మన పిల్లలే కనుక ఆ పట్టికలో మొదటి గడి "ఎంత లాగుతుంది" అని కాక, "ఎంత బరువుతో ఆగుతుంది" అని ఉండాలని నా మనవి.