బందరు కోటకు ఒక పూట

సెలవులనగానే మన ఇళ్లలో గోల్కొండ మాటే వినిపిస్తుంది. ఆ గోల్కొండ సుల్తానుల రేవు మొవ్వ నుండి ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగల దూరంలోనే ఉంది. 'బందర్' అంటే ఫార్సీలో రేవనే అర్థం. ఇక్కడి కలంకారీ అద్దకాలు పర్షియా వరకు వెళ్లేవి.

బందరు కోటలో ఇప్పుడు మిగిలినవి శిథిలాలే. 1759లో ఆంగ్లేయులు దీనిని ఫ్రెంచివారి నుండి గెలుచుకున్నారు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన సుమారు 30 వేల ప్రాణాలను బలిగొన్నది. ఆ తరువాత కోట కోలుకోలేదు. 1977 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన దాదీ, నానా ఇంట్లో ఉంటే వారినీ వెంట తీసుకువెళ్లండి. ఆ గోడల దగ్గర పిల్లలకు వారు చెప్పగలిగినంత మేము చెప్పలేము.

పట్టణంలోని డచ్చివారి శ్మశానాన్నీ చూడండి. పదిహేడవ శతాబ్దపు సమాధులవి. చెక్కడాలు మనోహరంగా ఉంటాయి. వాటిపై కూర్చుని ఫోటోలు దిగేవారిని చూసినప్పుడు మాకు మనస్తాపం కలుగుతుంది. సమాధులపై కూర్చోరాదన్న ప్రవక్త (స) ఆదేశం మనవారి సమాధులకే పరిమితమని కొందరు భావిస్తారు కాబోలు! ఒక యూదుని శవయాత్ర ఎదురైనప్పుడు కూడా ఆయన (స) లేచి నిలబడ్డారు కదా.

అన్నం డబ్బాలు అక్కడ విప్పకండి. మంగినపూడి తీరం దగ్గరే ఉంది.