ఇంజన్ మార్చొచ్చు, లెక్క తప్పకూడదు

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రం. దయాల్‌బంద్‌లో, చుట్టుపక్కల రైల్వే కాలనీల్లో ఉండే కుటుంబాలకు లోకో కొత్త మాట కాదు. అలాంటి చోట కారు ఇంజన్ మార్పిడి గురించి మాట్లాడాలంటే రైల్వే ఉదాహరణతోనే మొదలుపెట్టవచ్చు.

వారణాసిలోని డీజిల్ లోకో కర్మాగారం ఒక్కొక్కటి 2,600 అశ్వశక్తి గల రెండు డీజిల్ లోకోలను విద్యుత్ లోకోలుగా మార్చింది. రెండూ జంటగా 10,000 అశ్వశక్తిని ఇస్తాయి. 2019 ఫిబ్రవరిలో ప్రధాని దాన్ని ప్రారంభించారు. అంటే ఇంజన్ మార్పిడి దానంతట అది తప్పేమీ కాదు. అయితే రైల్వేలో అలాంటి పని వెనుక లెక్కలు, పరీక్షలు, ఆమోదాలు ఉంటాయి. మన వీధి చివరి గ్యారేజీలో కారుకు ఇంజన్ మార్చినప్పుడు ఆ లెక్క ఎవరు చూస్తున్నారు?

లెక్క ఎందుకో భౌతికశాస్త్రమే చెబుతుంది. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 100 అందుకుంటే వేగం పెరిగేది 25 శాతమే. కానీ బ్రేకులు పీల్చుకోవాల్సిన శక్తి 56 శాతం పెరుగుతుంది. పెద్ద ఇంజన్ పెట్టి పాత బ్రేకులే ఉంచితే ఆ తేడా రోడ్డు మీద తేలుతుంది. బరువైన ఇంజన్ వల్ల ముందు చక్రాలపై భారం మారుతుంది. దాంతో స్టీరింగ్, సస్పెన్షన్ తీరు కూడా మారుతుంది.

చిన్న మార్పులకూ ఇదే సూత్రం. 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు తీసి 100 వాట్లది పెడితే కరెంటు 1.67 రెట్లు అవుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి అది దాదాపు 2.8 రెట్లు అవుతుంది. తీగ మాత్రం పాతదే. కారులో మంటలు లేవడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

చట్టం ఈ విషయంలో గట్టిగానే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా ఉండేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అదే రకం ఇంజన్ వేసినా కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కాలి. వేరే రాష్ట్రంలో రిజిస్టరైన కారును 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. విజయనగరం నుంచో శ్రీకాకుళం నుంచో బండి తెచ్చుకున్నవారికి ఇంజన్ నంబరు తేడా ఆ తనిఖీలోనే బయటపడుతుంది.

అనుమతించిన దారులూ ఉన్నాయి. ఆమోదం పొందిన సీఎన్‌జీ కిట్ పెట్టించి ఆర్‌సీలో రాయించుకోవచ్చు. 2022 నుంచి బీఎస్-6 పెట్రోలు వాహనాలకూ ఈ వీలు వచ్చింది. దివ్యాంగుల అవసరాలకు తగ్గట్టు కారు మార్చుకోవడానికి చట్టంలో ప్రత్యేక ఏర్పాటు ఉంది.

బీమా దగ్గర సామాన్యుడు ఎక్కువగా దెబ్బతింటాడు. బీమా అంటే ప్రమాదానికి కట్టిన అంచనా. ఆ అంచనా వేసిన బండి వేరు, రోడ్డెక్కిన బండి వేరు అయితే ఒప్పందం పునాదే కదులుతుంది. సీఎన్‌జీ కిట్ సంగతి ముందే చెప్పి, అదనపు ప్రీమియం కట్టి పాలసీలో రాయించుకోవాలి. చెప్పకపోతే సొంత నష్టం క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. ఎదుటివారికి జరిగిన నష్టం విషయంలో చట్టం బాధితుడి పక్షాన ఉంటుంది. అయితే చాలా కేసుల్లో కోర్టులు బాధితుడికి ముందు చెల్లించమని, ఆ సొమ్మును తర్వాత యజమాని నుంచి రాబట్టుకోమని కంపెనీకి చెప్పాయి. ఒక ప్రమాదంతో జీవితకాలపు పొదుపు పోవచ్చు.

నిబంధనలు సడలించమని నేను అనను. కానీ రెండు మార్పులు అవసరమని నా అభిప్రాయం. మొదటిది, మార్పుకూ ప్రమాదానికీ సంబంధం చూడాలి. సీటు కవర్లు మార్చారని వరదలో మునిగిన కారు క్లెయిమును తిరస్కరిస్తే అందులో శాస్త్రమూ లేదు, న్యాయమూ లేదు. హెవీ బల్బు తీగ కాలి కారు తగలబడితే మాత్రం తిరస్కరణకు కారణం ఉంది. ఈ తేడా సర్వేయర్ దయ మీద కాకుండా పాలసీలోనే రాసి ఉండాలి. రెండోది, పరీక్షించుకునే చోటు అందుబాటులోకి రావాలి. వాహనాలకు, కిట్లకు ఆమోదం ఇచ్చే ఏఆర్‌ఏఐ పుణెలో, ఐక్యాట్ మానేసర్‌లో ఉన్నాయి. ఆ వ్యవస్థ కంపెనీల కోసం కట్టింది. ఒక్క కారున్న మనిషికి అది అందదు. జిల్లా స్థాయిలో బ్రేకులు, ఇరుసు భారం, పొగ, విద్యుత్ తీగలు పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంటే, ఇప్పుడు దొంగచాటుగా జరిగే పని వెలుగులోకి వస్తుంది.

అప్పటిదాకా మెకానిక్‌ను ఎంత ఖర్చవుతుందని అడిగే ముందు, ఈ మార్పు ఆర్‌సీలో ఎక్కుతుందా, పాలసీలో రాస్తారా అని అడగాలి. రెండింటికీ అవునని కాగితం మీద జవాబు రాకపోతే బండిని ఉన్నట్టే ఉంచడం మేలు.