చచ్చిన ఎలుకకూ లెక్క రాయాలి

గుండె మీద పనిచేస్తున్న పరిశోధక మిత్రులకు, గైడ్లకు, ఎథిక్స్ కమిటీ సభ్యులకు!

పోయిన నెల మా ల్యాబులో ఒక మందు పరీక్ష ముగిసింది. ఆపరేషన్ చేసిన చిట్టెలుకలు 24. పేపరుకెక్కినవి 16. మిగతా ఎనిమిదీ ఏమయ్యాయని అడిగితే, "అవి టెక్నికల్ లాసమ్మా, రాయక్కర్లేదు" అన్నారు. ఆ ఎనిమిదింటిలో ఆరు మందు ఎక్కించినవే.

మనం చేసే పని మనకు తెలియనిదా? శనగగింజంత గుండె, నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకుంటుంది. ఎడమ కరోనరీ ధమని కింద నుంచి సన్నని సిల్కు దారం పోనిచ్చి ముడి బిగిస్తాం. ముడి దిగువన కండరం కళ్లముందే పాలిపోతుంది. అరగంటకు ముడి వదులుతాం. రక్తం ఆగినందువల్ల జరిగిన నష్టానికి, తిరిగొచ్చిన రక్తం చేసే నష్టం తోడవుతుంది. మర్నాడు గుండెను పలచని ముక్కలుగా కోసి టీటీసీ ద్రావణంలో వేస్తాం. బతికిన కండరం ఇటుకరంగుకు తిరుగుతుంది, చచ్చింది తెల్లగా ఉండిపోతుంది. మధ్యలో గులాబీ అంచు. ఆ అంచు బతికిన లెక్కో చచ్చిన లెక్కో గీత గీసే చెయ్యి తేలుస్తుంది. ఏ ముక్కకు మందు పడిందో ఆ చేతికి ముందే తెలుసు! గీత వెంట్రుకవాసి ఇటు జరిగితే మందు పనిచేసినట్టు, అటు జరిగితే చేయనట్టు.

దీన్ని సైన్స్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

1986లో కుక్కల గుండెల్లో నాలుగుసార్లు ఐదేసి నిమిషాలు రక్తం ఆపి వదిలారు. ఆ తర్వాత 40 నిమిషాలు ఆపినా, చచ్చిన కండరం మామూలుగా చచ్చేదాంట్లో నాలుగోవంతే. అప్పటినుంచి ఎన్ని మందులు జంతువుల గుండెల్ని "కాపాడాయి"! సైక్లోస్పోరిన్ కాపాడింది. 2008లో 58 మంది రోగుల్లోనూ ఆశ చూపింది. 2015లో 970 మందికి ఇచ్చి చూస్తే ఏ మేలూ కనబడలేదు. చేతికి పట్టీ బిగించి వదిలే పద్ధతి 2019లో 5,401 మంది మీద తేలిపోయింది. గుండెపోటుతో అంబులెన్సులో వచ్చి, సంతకం పెట్టి, మన మాట నమ్మినవాళ్లు వాళ్లంతా. ఆ నమ్మకానికి మన దగ్గర దాచిన ఎలుకలున్నాయి.

మనిషికి షుగరుంటుంది, వయసుంటుంది, మన ఎలుకలు పడుచువి కాబట్టే తేడా వస్తోందంటారు. నిజమే, ముసలి ఎలుకల్లోనూ చేయండి. ఖర్చని మాత్రం అనకండి. అసలు ఎలుకలే వద్దనేవాళ్లతో నాకు పేచీ లేదు. వాడినంత కాలం, వాడినవన్నీ రాయాలన్నదే నా గొడవ.

జంతు ప్రయోగాల వివరాలు పేపర్లో ఎలా రాయాలో చెప్పే అరైవ్ మార్గదర్శకాలు 2010లోనే ఈ మాట చెప్పాయి. ఫారంలో టిక్కు పెట్టి మరిచిపోయాం. ఇక టిక్కులు చాలు. మొదటి ముడి వేయకముందే ఎన్ని ఎలుకలు, దేన్ని ఏ కారణంతో తీసేస్తామో రాసి కమిటీకి ఇవ్వాలి. ముక్కల మీద గీత, ఏది ఏదో తెలియని పక్క ల్యాబు మనిషి గీయాలి. పేపరు పంపేముందు కమిటీ జంతువుల రిజిస్టరునూ పేపరునూ పక్కపక్కన పెట్టి అంకె కలిస్తేనే సంతకం చేయాలి. పైసా అదనపు గ్రాంటు అక్కర్లేదు.

రేపు ల్యాబుకి వెళ్లగానే రిజిస్టరు తీయండి. మీ చివరి పేపరుతో సరిచూడండి. అంకె కలవకపోతే మీ ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాయండి. నేను నిన్ననే రాసి ఇచ్చాను.