పారంపర్యమా, వాడుకా?



పొన్నూరు ప్రక్క పల్లెనుండి ఒక తండ్రి మాకు ఉత్తరము వ్రాశారు. కుమార్తెను ఆర్.సి.ఎం. కుటుంబములో ఇచ్చారు. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకు వెళ్లి, అత్తగారు మనుమడికి తలనీలాలు తీయించారట. “వాక్యమును విడిచి పారంపర్యమును పట్టుకొన్న ఇంట నీళ్లు త్రాగను” అని ఈయన ఆ గడప త్రొక్కుట మానుకొన్నారు. తాను చేసింది సరియేనా అని అడుగుచున్నారు.

అయ్యా, తలనీలాలు వారి పారంపర్యము కాదు. 1924లో గుణదల కొండపై మరియమాత ప్రతిమను నిలిపారు. జుట్టు మ్రొక్కు మన నేలలో అంతకు ఎంతో ముందునుండీ ఉన్నదే. వారి సంఘము దానిని ఎవరికీ విధించలేదు. వారు ‘పవిత్ర పారంపర్యము’ అనేది, అపొస్తలులు నోటిమాటగా అప్పగించగా సంఘములో నిలిచియున్నదని తాము నమ్మే బోధను. తక్కినవి వాడుకలు, మారేవి. లాటిను పూజ రెండవ వాటికన్ సభ (1962–65) తరువాత తెలుగులోనికి వచ్చింది. పూజలో హారతి పట్టుటకు, నేలపై కూర్చుండుటకు 1969లో రోము అనుమతించింది. ఫాదర్లు పెండ్లాడకపోవుట కూడ నియమమే. రోముతో ఐక్యముగానున్న లెబనోను మారోనీయులలో పెండ్లియైన గురువులున్నారు.

మన బైబిలునే చూడండి. మార్కు 7లో ప్రభువు గద్దించినది ‘పారంపర్యాచారము’. గ్రీకులో అది పరదోసిస్, అనగా అప్పగించినది. 2 థెస్సలొనీక 2:15లో పౌలు చేపట్టమన్నదీ అదే మాట; అక్కడ తెలుగులో ‘విధులు’. 1 కొరింథీ 11:2లో ‘కట్టడలు’. గద్దించిన చోట ఒక పేరు, మెచ్చుకొన్న చోట వేరొక పేరు! పల్లెలో చదువుకొనే మనకు ఎట్లు తెలియును?

మరి భేదము లేదా? ఉన్నది. పారంపర్యమును లేఖనములతో సమానమైన భక్తితో స్వీకరించవలెనని 1546లో ట్రెంటు సభ తీర్మానించింది. మరియమ్మ శరీరముతో పరలోకమునకు కొనిపోబడినదని 1950లో పోపుగారు విశ్వాస సత్యముగా ప్రకటించారు. లేఖనములో కనబడని దానిని అందరూ నమ్మి తీరవలెననుట మనము ఒప్పుకొనము. మరియమ్మకు మ్రొక్కుటయు సమ్మతము కాదు. ఆ మాట అల్లుని ప్రక్కన కూర్చుండి చెప్పవలసినది, గడప బయటనుండి కాదు.

మన గుడిలో మగవారొక ప్రక్క, ఆడవారొక ప్రక్క కూర్చుంటాము. కోతపండుగలో గుమ్మడికాయ వేలము వేస్తాము. ఏ అధ్యాయము చూచి? (వేలము మానమని మేము అనుట లేదు, గుడి సున్నము ఖర్చు దానిలోనిదే.)

ఈస్టరు తరువాత బిడ్డకు బాప్తిస్మమని వ్రాశారు. వారును తండ్రియొక్క, కుమారునియొక్క, పరిశుద్ధాత్మయొక్క నామములోనే ఇస్తారు. మినుము నూర్పిళ్లు కాగానే అమ్మగారిని వెంటబెట్టుకొని వెళ్లండి. ఆ ఇంట నీళ్లు త్రాగండి.