నిచ్చెన కింది మనిషి

కిందటేడు ఇంటికి ఒక బ్యాటరీ డ్రిల్లింగ్ మిషన్ కొన్నాను. పుస్తకాల అర బిగించాలన్నా, కర్టెన్ రాడ్డు పెట్టాలన్నా ఎవరో ఒకరి కోసం వారాల తరబడి ఎదురుచూడటం విసుగనిపించి, నేనే నేర్చుకుందామనుకున్నాను. దుకాణానికి తోడుగా ఇంటర్ చదువుతున్న మా తమ్ముడి కొడుకు వచ్చాడు. ప్రశ్నలన్నీ నేనడిగాను. జవాబులన్నీ వాడికి చెప్పారు. మిషన్ని వాడి చేతిలో పెట్టి, బిల్లు నా చేతిలో పెట్టారు. వాడికి గోడకి మేకు కొట్టడం కూడా రాదు. "ఆడవాళ్లకి ఇది డేంజరు మేడమ్, బాబు చూసుకుంటాడులెండి" అన్నాడు దుకాణదారు, ఎంతో మర్యాదగా.

ఆ మాటకి నవ్వి ఊరుకునేదాన్నే. కానీ మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంటులో పాలమూరు నుంచి వచ్చిన ఒకామె పనిచేస్తోంది. సాయంత్రాలు నడకకి వెళ్లినప్పుడు పలకరించుకుంటాం. ఒకరోజు ఆమె కళ్లు రెండూ ఎర్రగా వాచి ఉన్నాయి. ఏమైందని అడిగితే, పైన సీలింగుకి రంధ్రాలు వేస్తుంటే కింద నిచ్చెన పట్టుకున్నానని చెప్పింది. రంధ్రాలు వేసే అతనికి కళ్లద్దాలున్నాయి. నిచ్చెన కింద తల పైకెత్తి నిలబడిన ఆమెకి లేవు. "నిచ్చెన పట్టేది నేనే, దుమ్ము ఊడ్చేది నేనే. మిషను మాత్రం ముట్టనియ్యరమ్మా. పాడైతే పైసలు నా కూలీల కోస్తరు" అంది.

ఆడవాళ్లకి ప్రమాదం అన్న మాట అసలు అర్థం నాకు అప్పుడు తెలిసింది. ఆ పనిలోని ప్రమాదం ఆమెకి ఎప్పుడో పంచి ఇచ్చేశారు. కాంక్రీటు దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. రంధ్రం వేసే మనిషి ఎంత పీలుస్తాడో, కింద నిలబడి, ఆ తర్వాత ఆ దుమ్మునే పొడి చీపురుతో ఊడ్చే మనిషీ అంత పీలుస్తుంది. పంచి ఇవ్వనిది పనితనం, దాంతోపాటు వచ్చే కూలీ.

ప్రమాదమే అసలు కారణమైతే మన వంటిళ్ల సంగతేమిటి? గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కరు, పైట చెంగు లాగేసే గ్రైండరు, వేళ్లు తెగే మిక్సీ బ్లేడు మన చేతుల్లో పెట్టేటప్పుడు ఎవరూ డేంజరని ఆపలేదు. కుట్టు మిషన్‌కి మోటారుంది, వేలిలోంచి దూసుకుపోయే సూది ఉంది, నూనె వేయాలి, బెల్టు మార్చాలి. అయినా అది స్త్రీల వస్తువు. సంఘాలకి ఏ పథకం వచ్చినా ముందు గుర్తొచ్చేది కుట్టు మిషనే. యంత్రం ఇంటి చాకిరీకో, తక్కువ డబ్బొచ్చే పనికో పనికొస్తే స్త్రీ దాన్ని నడపగలదు. ఎక్కువ కూలీ తెచ్చేదైతే నడపలేదు. ఇందులో శరీర బలం ప్రశ్న ఎక్కడుంది? రోజంతా ఇటుకలు మోసే మనిషికి కిలోన్నర, రెండు కిలోల మిషన్ బరువవుతుందా?

లండన్ పత్రికా ముద్రణాలయాల్లో కంపోజిటర్ల మీద పరిశోధన చేసిన సింథియా కాక్‌బర్న్ 1983లో 'బ్రదర్స్' అనే పుస్తకం ప్రచురించారు. నైపుణ్యం అని దేన్ని పిలవాలో నిర్ణయించే అధికారం మగవాళ్ల చేతుల్లో ఎలా ఉండిపోయిందో, స్త్రీలు ఆ పనిలోకి రాకుండా అది ఎలా గోడ కట్టిందో ఆమె చూపించారు. మన నిర్మాణ స్థలాల్లోనూ జరుగుతున్నది అదే. మగవాడు తాపీ పట్టి కొన్నేళ్లలో మేస్త్రీ అవుతాడు. స్త్రీ ఇరవై ఏళ్లు పనిచేసినా హెల్పరుగానే మిగిలిపోతుంది.

దీనికి చట్టంతో కూడా సంబంధం ఉంది. 1976లో వచ్చిన సమాన వేతన చట్టం, నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకే స్థాయిలో అవసరమైన పనినే ఒకే రకమైన పనిగా నిర్వచించింది. 2019 నాటి వేతనాల కోడ్‌లో అనుభవం అన్న మాట కూడా చేర్చారు. చదవడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ పనిముట్టు ముట్టనివ్వని మనిషికి ఆ నైపుణ్యం ఎక్కడ నుంచి వస్తుంది? ఆ అనుభవం ఎలా వస్తుంది? సమాన వేతనం అడిగే హక్కు పోతున్నది కోర్టులో కాదు, మిషన్ ఆమె చేతికి ఇవ్వని చోట. అందుకే పనిముట్టు నేర్చుకోవడం హక్కుల ప్రశ్న అంటున్నాను.

నేర్చుకోవడానికి అందులో అంత రహస్యం ఏమీ లేదు. నేను నేర్చుకున్నదంతా ఇక్కడ చెప్తాను.

మొదటి సూత్రం, బిట్ మార్చేటప్పుడు బ్యాటరీ తీసెయ్యాలి. చెయ్యి పొరపాటున మీట మీద పడితే తిరిగేది మన వేళ్ల మధ్యే. బిట్ పెట్టి చక్ గట్టిగా బిగించి, ఒకసారి లాగి చూడాలి. పైట చెంగు, చున్నీ, జడ, మెడలో గొలుసు, గాజులు తిరిగే బిట్‌కి దొరకకూడదు. చెంగు బొడ్లో దోపి, జడ ముడేసి, గొలుసు జాకెట్టు లోపలికి వేసుకుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి. చేతికి వదులైన గ్లవ్స్ వద్దు, బిట్ దారాన్ని పట్టుకుందంటే చేతినీ లాగుతుంది. కళ్లకి పక్కలు మూసిన అద్దాలుండాలి, చదువుకునే కళ్లజోడు చాలదు. చిన్న చెక్కముక్కని ఒళ్లో పెట్టుకునో, అరచేతిలో పట్టుకునో రంధ్రం వేయకూడదు. బల్లకి బిగించాలి.

గోడైతే ముందు కరెంటు తీగ ఎటు పోతుందో ఆలోచించాలి. స్విచ్ బోర్డుకి నేరుగా పైన, కింద, పక్కన రంధ్రం వేయకూడదు. మిషన్ బ్యాటరీదే అయినా గోడలో ఉన్నది 230 వోల్టులు. తీగ లేని మిషన్‌తో ఉన్న సుఖం ఏమిటంటే, మెయిన్ ఆపేసి కూడా పని చేసుకోవచ్చు. ఇటుకకి, కాంక్రీటుకి మొన మీద కార్బైడ్ ఉన్న బిట్ వాడి, సుత్తి గుర్తు ఉన్న పద్ధతిలో పెట్టాలి. చెక్కకి, ఇనుముకి ఆ సుత్తి వద్దు. టైలుకి పైపొర దాటేదాకా వద్దు. ఒళ్లు బరువంతా వేసి నొక్కక్కర్లేదు. మధ్యమధ్యలో వెనక్కి లాగి దుమ్ము రానివ్వాలి. కాంక్రీటులో ఇనప చువ్వ తగిలితే బిట్ ఆగిపోయి మిషనే తిరగబోతుంది, మణికట్టు మెలిపడేది అప్పుడే. అందుకే రెండు కాళ్లూ గట్టిగా ఆనించి, పక్క పిడి ఉంటే రెండో చేత్తో అది పట్టుకోవాలి. నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి చెయ్యి చాచి వేయడం ఎవరికీ మంచిది కాదు. స్క్రూ బిగించేటప్పుడు ముందున్న అంకెల చక్రాన్ని తక్కువ అంకె దగ్గర మొదలుపెట్టాలి. బిగువు చాలగానే టకటకమని చప్పుడు చేసి వదిలేస్తుంది.

బ్యాటరీ విషయంలో పాత అలవాట్లు మానుకోవాలి. బ్లాక్ అండ్ డెకర్ సంస్థ 1961లో తెచ్చిన తొలి బ్యాటరీ డ్రిల్లులో నికెల్ కాడ్మియం బ్యాటరీ ఉండేది. పూర్తిగా అయిపోయాకే ఛార్జింగు పెట్టాలన్న మాట ఆ రకం బ్యాటరీల కాలంలో పుట్టింది. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న లిథియం బ్యాటరీకి అది అక్కర్లేదు, పూర్తిగా అడుగంటనివ్వకపోవడమే మంచిది. పని అయ్యాక బ్యాటరీ వేడిగా ఉంటే చల్లారనిచ్చి, దాని ఛార్జరుతోనే పెట్టాలి. పరుపు మీద, గుడ్డల మధ్య పెట్టకూడదు. మే నెల ఎండలో రేకుల షెడ్డులోనో, కారులోనో వదిలేయకూడదు. మేకులున్న సంచిలో పడేస్తే ఇనుము తగిలి షార్టు కావచ్చు. ఉబ్బినా, పగిలినా, నీళ్లలో పడినా ఇక దాన్ని వాడొద్దు, విప్పి చూడొద్దు. చెత్తబుట్టలో వేయొద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు వాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారుచేసిన కంపెనీల మీద పెట్టాయి. చెత్త ఏరుకునే స్త్రీల చేతుల్లో అది మండకూడదు కదా.

ఇక సంరక్షణ. వాడిన ప్రతిసారీ బ్యాటరీ తీసి, గాలి కన్నాల్లోని దుమ్ముని మెత్తటి పొడి బ్రష్షుతో దులిపి, పొడిగుడ్డతో తుడవాలి. నీళ్లు, కిరోసిన్ వద్దు. మొండి బిట్ పారేయాలి. మొండిదైతే ఎక్కువ నొక్కుతాం, ఎక్కువ నొక్కితే జారుతుంది. నేలమీది దుమ్ముని తడిగుడ్డతో తీయాలి, ఎన్-95 మాస్కు పెట్టుకోవాలి. రోలు, రుబ్బురోలు, పొయ్యి, నూతి గిలక, అన్నిటినీ తరతరాలుగా బాగుచేసుకుంటూ వచ్చిన మనకి ఇది కొత్త పని కాదు.

ఒక ఆదివారం పాలమూరు ఆమెని ఇంటికి పిలిచి మిషన్ చూపించాను. నేర్పుదామని నా ఆలోచన. ముందు నేను గోడకి పెట్టి నొక్కితే పొగ వచ్చింది కానీ రంధ్రం పడలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. "ఎదురు తిరుగుతున్నదమ్మా" అంది ఆమె. మీట పక్కనున్న చిన్న బొత్తాన్ని అటు నొక్కమని వేలితో చూపించింది. నిచ్చెన కింద నిలబడిన ఏళ్లన్నీ ఆమె చూస్తూనే ఉంది. ఆమెకి తెలియనిదల్లా చేతిలో పట్టుకున్నప్పుడు దాని బరువు, విసురు. గంటలో అవి కూడా తెలిశాయి. పీహెచ్‌డీ చేసిన నాకంటే ఆమె రంధ్రం తిన్నగా పడింది. ఆ జ్ఞానానికి ఆమె కూలీలో ఒక్క రూపాయి విలువ లేదు. నాకిది ఇంటి సరదా, ఆమెకి బతుకు మారే విషయం. ఈ తేడాని మరిచిపోయి 'మహిళలూ పనిముట్లు పట్టండి' అని పిలుపిస్తే అది మధ్యతరగతి ఆటే అవుతుంది.

ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో 1990ల ఆరంభంలో మహిళా సమాఖ్య కార్యక్రమంలో గ్రామీణ స్త్రీలు చేతిపంపుల మెకానిక్కులయ్యారు. వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. ఆ పనిలోకి దిగాక చదువు మీద కోరిక పెరిగింది. అక్కడే 'మహిళా డాకియా' అనే పత్రిక కూడా పుట్టింది. చదువొస్తే పని వస్తుందని మనం అనుకుంటాం. అక్కడ పానా ముందొచ్చింది, పలక తర్వాతొచ్చింది.

డ్రిల్ నడిపే మగ కూలీలు శత్రువులని నేననడం లేదు. కాంట్రాక్టరు చాలాచోట్ల వాళ్లకీ మాస్కు ఇవ్వడు. నా అభ్యంతరం ఆ కొద్దిపాటి రక్షణ కూడా నిచ్చెన మీదే ఆగిపోవడం గురించి. సంఘాలు అడగవలసినవి నాలుగున్నాయి. రంధ్రం వేసేవాళ్లకి ఎన్ని కళ్లద్దాలూ మాస్కులూ ఇస్తారో, కింద నిలబడేవాళ్లకీ ఊడ్చేవాళ్లకీ అన్నీ ఇవ్వాలి. శిక్షణ అంటే కుట్టు, అల్లికలతో ఆపకుండా డ్రిల్లు, కొలత టేపు, లెవెలు కూడా చేర్చాలి. మిషన్ ఇచ్చినప్పుడు బిట్లు, రక్షణ సామగ్రి, బాగుచేసుకునే శిక్షణ కలిపి ఇవ్వాలి, లేకపోతే మూడు నెలల్లో అది మూలపడి, ఆడవాళ్లకి రాదన్న మాటకి సాక్ష్యమవుతుంది. నేర్చుకునేటప్పుడు మిషన్ పాడైతే ఆ ఖర్చు కూలీలో కోయకూడదు.

ఆమె ఇప్పుడు వేరే సైటులో ఉంది. అక్కడ కూడా హెల్పరే. వెళ్లేముందు నా దగ్గరున్న రెండో జత కళ్లద్దాలు ఇచ్చాను. తీసుకుంది కానీ, "ఇవి పెట్టుకుంటే నవ్వుతరేమో" అంది. నవ్వితే నవ్వనీ అని చెప్పడం నాకు సులువు. పక్కన ఇంకో పదిమంది ఆడవాళ్లు కూడా పెట్టుకుని నిలబడితేనే ఆమెకి సులువవుతుంది. ఆ పదిమందిని కూడగట్టే పని మన సంఘాలదే.