హతుని పాటయా, హంతకుని పాటయా?



తెలకపల్లి దాపున ఒక పత్తి చేనిలో కలుపు తీయుచు, ఒక అవ్వ పాత కథాగేయము పాడుచుండెను. ఆ దారిని వచ్చిన సంఘపెద్ద ఒకడు నిలిచి, “అవ్వా, బాప్తిస్మము పొందినదానివి, చంపుకొనే పాటలు నీకెందుకు? కీర్తన పాడరాదా?” అని గద్దించెను. అవ్వ నోరు మూసికొనెను. ఆ పెద్ద మంచివాడే. అయినను ఆయన తీర్పు సరియైనది కాదని చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

హత్యను గూర్చిన పాటలు మన యొక్క దేశమునందే లేవు. ఇంగ్లాండు, స్కాట్లాండు దేశముల పాత కథాగేయములను ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అను అమెరికా పండితుడు 1882 మొదలు 1898 వరకు సంపుటములుగా అచ్చు వేయించెను. అవి 305. వాటిలో హత్యల కథలు అనేకము. ఒకదానిలో అక్క చెల్లెలిని నీట ద్రోయును. చచ్చినదాని ఎముకతో ఎవడో వీణ వంటి వాద్యము చేయగా, అదే హంతకురాలి పేరు చెప్పును. తరతరములుగా క్రైస్తవ కుటుంబముల వారే వాటిని పాడుకొనిరి. మనకును 1710లో మొగలుల చేత చచ్చిన సర్వాయి పాపని కథ ఉన్నది. మన పాలమూరులో ధనికులను దోచి బీదలకు పెట్టెనని జనులు చెప్పుకొను పండుగ సాయన్న పాట ఉన్నది. వీటినన్నిటిని సైతాను పాటలని ఒక్క మూటగా కట్టి పారవేయుదుమా?

ఆదికాండము నాలుగవ అధ్యాయము తెరచి చూడుడి. ఆ ఒక్క అధ్యాయములో రెండు స్వరములు వినబడుచున్నవి. ఒకటి నేలలోనుండి దేవునికి మొరపెట్టు హేబెలు రక్తము. రెండవది, తన్ను గాయపరచినవానిని చంపితినని భార్యలైన ఆదా, సిల్లాల యెదుట అతిశయించు లెమెకు పలుకు. హత్యను గూర్చి మనుష్యులు పాడు పాటలన్నియు ఈ రెంటిలో ఏదో యొక దాని పక్షమున చేరును. గనుక “ఇది చావు పాటయా?” అని అడుగుట చాలదు. “ఇది ఎవరి పక్షమున పాడుచున్నది?” అని అడుగవలెను.

బొబ్బిలి కథను ఈ గీటురాతిమీద పెట్టి చూడుడి. 1757 జనవరిలో కోట కూలునని తెలిసినప్పుడు, లోపలి స్త్రీలును పిల్లలును తమ సొంతవారి చేతులతోనే చంపబడిరి. ఆ వధను మానరక్షణమని పొగడి, పాపారాయుని కత్తి యొద్దకు పరుగెత్తు పాట లెమెకు పాట. ఆ పిల్లల యొద్ద ఆగి ఏడ్చు పాట హేబెలు పాట. కథ ఒక్కటే గాని పక్షములు రెండు.

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుష్యుల తుపాకికి చచ్చెను. చదువు రాని పల్లెలకు ఆయన పేరు మోసికొని పోయినది పాటయే. పెద్దలు వ్రాయని సాక్ష్యమును బీదవాడు పాడి నిలుపుకొనును. దానిని నోరు మూయించువాడు, తెలియకయే, చంపినవానికి సహాయము చేయుచున్నాడు.

“ఇట్టి పాటలు పగ రేపును” అందురు. కొన్ని నిశ్చయముగా రేపును; అట్టివి మానుడి. “చిన్నపిల్లలు వినరాదు” అందురు. అట్లయిన న్యాయాధిపతుల గ్రంథములో ఆ లేవీయుని ఉపపత్ని కథ ఏల వ్రాయబడెను? ఇశ్రాయేలు తన సిగ్గును దాచుకొనకుండుటకే గదా!

మనము భయపడవలసినది పాటకు కాదు, మన మౌనమునకు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో, కులము దాటి పెండ్లి చేసికొన్న దళిత క్రైస్తవ యువకుని ఆసుపత్రి యెదుట, గర్భవతియైన భార్య చూచుచుండగా నరికి చంపిరి. చంపించినవాని పక్షమునను మాటలాడినవారు లేకపోలేదు. మన సంఘములలో ఎన్ని ఆ ఆదివారము ఆ మాట యెత్తినవి? అంతదూర మేల? అత్తింట ఆడపిల్ల చచ్చినప్పుడు, “కడుపునొప్పి” అని చెప్పగా నమ్మినట్లు తలయూపి, రెండు కీర్తనలు పాడి, మట్టి చల్లి వచ్చిన సంఘములు లేవా? ఆ దినమున మన కీర్తన ఎవరి పక్షమున పాడితిమి?

తరువాత నేను ఆ అవ్వను, అది ఎవరి కథ అని అడిగితిని. కట్నము తక్కువని అత్తింటివారు బావిలో త్రోసిన కోడలి కథ అని చెప్పెను. “త్రోసినోళ్ల పేర్లు ఎవలికి యాదికి లేవు బిడ్డా. పిల్ల పేరు మాత్రం పాటల ఉన్నది. నేను పాడకుంటే అదిగూడ పోతది” అనెను.

సంఘపెద్దలారా, ఆమెను పాడనియ్యుడి. గట్టుమీద కూర్చుండి వినుడి. విన్న తరువాత, మీ ఊరిలో ఎవరి పేరు పాటలేక మరుగైపోయినదో విచారించుడి.