పోస్తోందా, కారుతోందా?

ఆరు నెలల ఆడ కుక్కపిల్ల. బయట తిప్పితే బుద్ధిగానే పోస్తుంది. ఇంటికొచ్చి పడుకుని లేచేసరికి కింద తడి! "ఎంత నేర్పినా దీనికి రాదు" అని విసుక్కుంటారు. కొందరు చెయ్యి చేసుకుంటారు. ఇంకొందరైతే ఏకంగా ఊరి చివర వదిలేసి వచ్చేస్తారు.

ఒక్క నిమిషం ఆగండి. అది పోస్తోందా, కారుతోందా? వంగి కూర్చుని పోస్తే మనం నేర్పాలి. నిద్రలోనో నడుస్తూనో, దానికే తెలీకుండా బొట్లు బొట్లుగా పోతుంటే డాక్టర్ చూడాలి. వెనక కాళ్ల మధ్య బొచ్చు ఎప్పుడూ తడిగా ఉంటుంది, అక్కడే అదేపనిగా నాక్కుంటూ ఉంటుంది.

పుట్టుకతోనే వచ్చే ఈ లోపం పేరు ఎక్టోపిక్ యురేటర్. కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే గొట్టం మూత్రాశయంలోకి తెరుచుకోవాలి. వీటిలో అది ఇంకా కిందకి పోయి మూత్రమార్గంలోకో, యోనిలోకో తెరుచుకుంటుంది. ట్యాంకులో కలపాల్సిన పైపుని కుళాయి దాటాక కలిపారనుకోండి, కుళాయి ఎంత బిగిస్తే మాత్రం ఏం లాభం? రెండో కిడ్నీ గొట్టం సరిగ్గా ఉంటే ట్యాంకు కూడా నిండుతుంది, మామూలుగానూ పోస్తుంది. మనం పొరబడేది అక్కడే.

ఎక్కువగా ఆడవాటిలోనే బయటపడుతుంది. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, సైబీరియన్ హస్కీ... మన ఫ్లాట్లలో కనిపించే జాతులే! ఇలాంటి కుక్కలతో మళ్లీ పిల్లల్ని పెట్టించడం నా దృష్టిలో అన్యాయం.

దీనితోపాటు ఇన్ఫెక్షన్లు కూడా తరచూ వస్తాయి. యాంటీబయాటిక్ వాటిని తగ్గిస్తుందేమో గానీ, పైపుని మార్చలేదు కదా. అలాగే వదిలేస్తే కిడ్నీ దెబ్బతినొచ్చు కూడా. మామూలు ఎక్స్‌రేలో ఇది కనిపించదు. రంగుమందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లోనో, లోపలికి కెమెరా పంపితేనో తెలుస్తుంది. గొట్టాన్ని సరైన చోట తెరుచుకునేలా ఆపరేషన్ చేస్తారు. గొట్టం మూత్రాశయం గోడలోంచే వెళ్తుంటే, కొన్ని చోట్ల లేజర్‌తో కూడా సరిచేస్తారు. ఆ తర్వాత కూడా కొన్నిటికి కాస్త కారుతూనే ఉంటుంది, దానికి మందులున్నాయి. ఖర్చు మాత్రం తక్కువేం కాదు, ముందే అడిగి తెలుసుకోండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు, అది నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో ఓ వీడియో తీసి పెట్టుకోండి. అక్కడ బల్లమీద నిలబెడితే ఒక్క బొట్టు కూడా కారకపోవచ్చు! అప్పటిదాకా కింద పాత దుప్పటి పరచండి, తడిసిన చోట కడిగి ఆరబెట్టండి. తడి తగ్గుతుంది కదా అని తాగే నీళ్లు మాత్రం తగ్గించకండి.